ఆరు నెలల ఒక్కపొద్దు

నేను ఒక త్రాసును. బియ్యం, బెల్లం తూచే అంగడి కాటాను కాదు. టేకు చట్రం, చుట్టూ అద్దాలు, ముందు పైకెత్తి దించే అద్దం తలుపు, లోపల ఇత్తడి దూలం, దానికి అటొకటి ఇటొకటి వేలాడే చిన్న పళ్లాలు. తెల్లకాగితం ముక్క తూచి, దాని మీద మీ పేరు రాయించి మళ్లీ తూచి, మీ పేరులో సిరా బరువెంతో చెప్పగలను. గొప్పలు చెప్పుకుంటున్నానని అనిపిస్తే అనిపించనివ్వండి. ప్రస్తుతం నేను ఒక కాలేజీ స్టోరు గదిలో, కాళ్లు విరిగిన స్టూళ్ల మధ్య, ‘పనికిరాదు’ అనే చీటీ అంటించుకుని ఉన్నాను. ఆ చీటీ అబద్ధం. అది అబద్ధమని నిరూపించడానికి నాకు ఎవరి సిఫార్సూ అక్కర్లేదు. ఎవరైనా వచ్చి తూచి చూస్తే చాలు.

పుట్టింది అంబాలాలో. నా దూలం కింద కత్తిలా చెక్కిన నున్నటి రాయి ఉంది. నా సమస్తం ఆ అంచు మీదే నిలబడుతుంది. ఆ అంచును అరగదీసిన ముసలాయన పని ముగిశాక నా పళ్లెం మీద మెల్లగా ఊపిరి వదిలాడు. ముల్లు కదిలింది. “ఊఁ, బతికింది” అన్నట్టు తలాడించి పక్కన పెట్టాడు. ఊపిరికి కూడా జవాబు చెప్పడమే నా చదువు, నా ఉద్యోగం.

రైల్లో గడ్డి మధ్య కూర్చుని రాయలసీమలోని ఈ కాలేజీకి వచ్చాను. మొదట పదకొండేళ్లు కెమిస్ట్రీ వాళ్ల దగ్గర ఉన్నాను. అక్కడ మనుషుల తెలివి బాగా చూశాను. ప్రాక్టికల్ పరీక్షలో పిల్లలు ముందు జవాబు రాసుకుని, ఆ జవాబుకు తగిన బరువు ఎంతుండాలో వెనక నుంచి లెక్క కట్టుకుని, ఆ తర్వాత నా దగ్గరికి వచ్చేవాళ్లు. నేనేం చెప్పినా వినేవాళ్లు కారు. నా తలుపు తీయకుండానే బరువు రాసుకున్న మహానుభావులకు ఇరవైకి పందొమ్మిది మార్కులు పడ్డాయి. నేను చెప్పిన బరువే రాసిన ఒక అమ్మాయికి పన్నెండు.

కెమిస్ట్రీకి కొత్త త్రాసులు రాగానే నన్ను జువాలజీకి తోలేశారు. అక్కడ కప్పల్ని, చేపల్ని తూచారు. నీళ్లు కారే చేపను తుడవకుండా పళ్లెంలో పెట్టి, బరువు నిమిషానికోలా తగ్గుతోందని నన్ను తిట్టారు. నీళ్లు ఆరుతున్నాయి బాబూ, నేనేం చేయను?

హంసవేణి రావడంతో నా రోజులు మారాయి.

ఆమె హైస్కూల్లో సైన్సు టీచరు. డాక్టరేటు కోసం రెండేళ్లు సెలవు పెట్టి వచ్చింది. ముప్పై దాటిన మనిషి, బిగించి వేసిన జడ, చేతిలో టిఫిన్ క్యారియరు. మొదటిరోజు నా ముందు కూర్చుని పావుగంట ఏమీ తూచలేదు. మెత్తటి కుంచెతో పళ్లాల దుమ్ము తీసింది. కాళ్ల మరలు తిప్పి మట్టం సరిచేసింది. దూలాన్ని లేపే మర మెల్లగా తిప్పి, నా ముల్లు ఎడమకు పది గీతలు, కుడికి పది గీతలు ఊగడం చూసింది. “బాగుండావే” అంది నాతో. తూనికరాళ్లను వేలితో ముట్టలేదు, చిన్న పట్టకారుతో పట్టింది. అంతవరకూ నన్నెవరూ అలా పలకరించలేదు.

ఆమె పని నత్తల మీద. మా ఊరి పక్క గుండ్లచెరువు ఏప్రిల్‌కు ఎండిపోతుంది. నీళ్లు పోగానే నత్తలు బురదలోకి దిగి, గుల్ల మూత బిగించుకుని, వాన వచ్చేదాకా పడి ఉంటాయి. తిండి లేదు, నీళ్లు లేవు, గాలి కూడా అంతంతే. అన్ని నెలలు అవి దేన్ని కాల్చుకుని బతుకుతాయి, ఒంట్లో ఏ భాగాన్ని ముందు ఖర్చు పెడతాయి, దేన్ని దాచుకుంటాయి అన్నది ఆమె ప్రశ్న.

అటెండరు గంగులప్ప చెరువులోకి దిగి పన్నెండింటిని తెచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, కరువు రోజుల్లో వాళ్ల అవ్వ ఇవే నత్తల్ని పలుగుతో తవ్వి వండిపెట్టిన జ్ఞాపకం ఉన్నవాడు.

“వీటికి పేర్లు పెడదామామ్మా?” అన్నాడు.

“నంబర్లు చాలు గంగులప్పా.”

హ్యాండుబ్యాగులోంచి గోళ్లరంగు తీసి, ఒక్కో గుల్ల మీద ఎర్రగా ఒకటి నుంచి పన్నెండు దాకా రాసింది. రాయకముందు తూచింది, ఆరాక తూచింది. గోళ్లరంగు బరువు నత్త ఖాతాలో పడకూడదని. అప్పుడే అనుకున్నాను, ఈమెతో నాకు కుదురుతుందని.

నత్తల్ని ఎండుమట్టి పెట్టెలో పరిచారు. ప్రతి శనివారం తీసి, మట్టి తుడిచి, తూచి, మళ్లీ పెట్టాలి. శనివారమే ఎందుకంటే, ఆమె గైడు ప్రొఫెసర్ నాదముని ఆ రోజు సాయంత్రం రీడింగులు చూస్తారు. శనివారం ఆయనకు ఒక్కపొద్దు. పొద్దున కాఫీ తప్ప ఏమీ ముట్టరు. మధ్యాహ్నం మూడు దాటితే ఆయన గదివైపు ఎవరూ వెళ్లరు. చాక్‌పీసు విరిగినా కోపం, విరగకపోయినా కోపం. అయిదున్నరకు గంగులప్ప పళ్లెంనిండా ఉప్మా, నాలుగు అరటిపళ్లు, గ్లాసుడు పాలు పట్టుకెళితే గానీ కాలేజీలో శాంతి నెలకొనేది కాదు.

ఒకసారి ఆయన నా పక్కనే నిలబడి పాఠం చెప్పారు. “తిండి ఆగిపోతే ప్రాణి ముందు ఒంట్లో దాచిన చక్కెర వాడుతుంది. తర్వాత కొవ్వు. అదీ అయిపోతే తన కండ తనే తింటుంది. చలికాలం ఎలుగుబంటి అయినా, ఎండాకాలం నత్త అయినా, ఉపవాసం చేసే మనిషి అయినా వరస దాదాపు ఇంతే.”

గంగులప్ప చీపురు ఆపి అన్నాడు. “సార్, మీ ఒక్కపొద్దు పన్నెండు గంటలు. నత్తది ఆర్నెల్లు. దానికి కోపమే రాదు సార్.”

హంసవేణి పుస్తకంలోకి మొహం దాచుకుంది. ప్రొఫెసర్ ఆ రోజు శనివారం కాదు గనుక నవ్వేశారు.

నిజానికి గంగులప్ప మాటలోనే అసలు సంగతి ఉంది. నత్త రహస్యం ఎంత దాచుకుందనే దాంట్లో కాదు, ఎంత తక్కువ ఖర్చు పెడుతుందనే దాంట్లో ఉంది. అది హంసవేణి కళ్లారా చూసింది. నాలుగో నంబరు నత్త గుల్లను గుండె ఉన్నచోట ఆకురాయితో అరగదీసి, చిన్న కిటికీ చేసి, పలచటి గాజుముక్క మైనంతో అతికించింది. మొదటిరోజు ఆ గుండె నిమిషానికి ముప్పై ఎనిమిదిసార్లు కొట్టుకుంది. ఆగస్టు నెలలో ప్రొఫెసర్ వచ్చి భూతద్దం పెట్టి చూశారు.

“ఆగిపోయిందమ్మా ఇది.”

“ఆగండి సార్.”

“ఎంతసేపు? చచ్చిందంటున్నా కదా.”

“ఇంకొక్క క్షణం సార్.”

ఆ సన్నటి కిటికీలో, లేతనీలం రంగు రక్తం ఒక్కసారి చిన్నగా మెదిలింది. మళ్లీ నిశ్చలం. హంసవేణి గడియారం చూస్తూ లెక్కపెట్టి, “నిమిషానికి అయిదు సార్” అంది. కాలికి, పేగుకు, కండకు వెళ్లే రక్తం ఆ మేరకు తగ్గిపోయింది. రక్తం రాకపోతే గాలి అందదు. గాలి అందకపోతే ఆ కండ చక్కెరను సగం సగంగా కాల్చుకుని, ఒంట్లో ఆమ్లం పేరబెట్టుకుంటూ, ఆ పులుపును ఓర్చుకుంటూ కూర్చుంటుంది. “పొయ్యి ఆర్పడం వేరు, నివురు కప్పడం వేరు సార్” అందామె. ప్రొఫెసర్ ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చి థీసిస్‌లో రాయమన్నారు.

నా వంతు సాక్ష్యమూ అదే. మొదటి నెలలో నత్తలు చకచకా తగ్గాయి. ఆ తర్వాత వారానికి ముప్పై, నలభై మిల్లీగ్రాములు. మీ ఇంట్లో పోపుకు వేసే ఆవాలు పదిహేను, ఇరవై గింజలు. ఒక ప్రాణి వారమంతా బతకడానికి అయిన ఖర్చు అది. నేను కాకపోతే ఆ ఖర్చును ఎవరు పట్టుకునేవారు?

జూలైలో తొమ్మిదో నంబరు చచ్చింది. గంగులప్ప ముందే చెప్పాడు. “సచ్చిందానికి మూత ఊడిపోతాదమ్మా. వాసన తర్వాత వచ్చేది, ముందు మూత.” అలాగే మూత వదులై మట్టిలో పడి ఉంది. దాన్ని తీసేశారు. నాలుగో నంబరుకు కిటికీ ఉంది కాబట్టి దాన్ని తూనికలో కలపలేదు. మిగిలినవి పది.

అక్టోబరు వచ్చింది. ఆయుధపూజకు హంసవేణి పుట్టింటికి వెళ్లింది. ఆ వారం రీడింగులు తాను తీస్తానని ప్రొఫెసర్ అన్నారు. లాబులో గంగులప్ప మైక్రోస్కోపులు తుడిచాడు, కత్తెరలకు పసుపు రాశాడు, ఫ్యాను రెక్కలకు కూడా బొట్లు పెట్టాడు. నాకూ పెట్టాడు. బంతిపూల దండ వేశాడు. కర్పూరం వెలిగించి దండం పెట్టాడు. మనిషి నన్ను తిట్టడం చూశాను, అనుమానించడం చూశాను. దండం పెట్టడం మాత్రం బాగుంటుంది, కాదనను.

తర్వాతి శనివారం మూడున్నరకు, ఖాళీ కడుపుతో, ప్రొఫెసర్ నా ముందు కూర్చున్నారు. మట్టం చూడలేదు. పళ్లాలు ఖాళీగా ఉంచి నా ముల్లు సున్నా దగ్గర ఊగుతోందో లేదో చూడలేదు. నేరుగా ఒకటో నంబరు నత్తను పెట్టారు. రాసుకున్నారు. రెండోది. మూడోది. ఆయన కనుబొమలు ముడిపడుతూ వచ్చాయి. పది నత్తలూ కిందటి వారం కంటే బరువు పెరిగాయి.

తిండి లేని ప్రాణి బరువు పెరగదు.

సోమవారం హంసవేణి చేతిలో బ్యాగు ఇంకా దించకముందే ఆయన మొదలుపెట్టారు. “రెండే కారణాలమ్మా. నత్తలు చచ్చి, మొన్నటి వానకు గదిలో తేమ పీల్చుకునుండాలి. లేదంటే ఈ త్రాసు చెడిపోయింది. ఏదైనా సరే, ఆర్నెల్ల రీడింగులూ నమ్మడానికి లేదు. వచ్చే ఏప్రిల్లో మళ్లీ మొదలుపెడదాం.”

“డిసెంబరుకు నా సెలవు అయిపోతుంది సార్. ఏప్రిల్‌కు నేను స్కూల్లో ఉంటా.”

“అది నేనేం చేయలేను. గంగులప్పా, ఈ మట్టిపెట్టె బయట పారబొయ్. త్రాసును పనికిరాని సామాన్ల కండెమ్ లిస్టులో ఎక్కించు.”

గంగులప్ప లిస్టులో రాశాడు. ప్రొఫెసర్ చెబితే రాయక తప్పదు. పెట్టెను మాత్రం ఎత్తలేదు. “నడుము పట్టేసింది సార్, రేపు పారేస్తా” అన్నాడు.

ఆ నడుముకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

హంసవేణి కూర్చుంది. ఖాళీ పళ్లాలతో మర తిప్పింది. నా ముల్లు పరుగెత్తి కుడి చివరకు తగిలి ఆగిపోయింది. అది చూసి ప్రొఫెసర్, “చూశావా? నేను చెప్పలా?” అన్నారు. నాకు గొంతుంటే ఆ గదిలో అద్దాలు పగిలేవి. గొంతు లేదు. ముల్లు ఒక్కటే ఉంది. ఎడమ పళ్లెం బరువైతే అది కుడికే పోతుంది; చూపించాల్సిన వైపే చూపిస్తోంది: ఎడమ పళ్లెంలో ఏదో ఉంది, ఎడమ పళ్లెంలో ఏదో ఉంది.

ఆమె నన్ను చూడటం ఆపి పుస్తకం తెరిచింది. పది నత్తల పాత బరువుల పక్కన కొత్త బరువులు వేసి, తేడాలు మిల్లీగ్రాముల్లో రాసింది. నూట ఇరవై ఎనిమిది. నూట ముప్పై ఒకటి. నూట ఇరవై రెండు. పదీ అలాగే, నూట ఇరవైకీ నూట ముప్పై మూడుకీ మధ్య.

“సార్, పది నత్తలు చచ్చి తేమ పీల్చుకున్నా, ఒక్కోటి ఒక్కో రకంగా పీల్చుకుంటాది కదా. ఇవన్నీ కూడబలుక్కున్నట్టు ఒకే లెక్క పెరిగినాయి.”

“అయితే త్రాసు పోయినట్టే.”

“చెడిపోయిన త్రాసు పూటకో మాట చెబుతాది సార్. ఇది పదిసార్లూ ఒకే మాట చెప్పింది.”

నా జీవితంలో విన్న అతి గొప్ప మాట అది. దాన్ని చట్రం మీద చెక్కించుకోవాలని ఉంది.

ఆమె లేచి, “గంగులప్పా, పూజనాడు దీనికి బొట్టు ఎక్కడ పెట్టినావు?” అని అడిగింది.

గంగులప్ప మొహం పాలిపోయింది. “పళ్లానికమ్మా.”

“పళ్లెం శుభ్రంగా ఉందే.”

“పైన పెడితే అద్దంలా ఉండే పళ్లెం పాడుచేసినావని మీరు తిడతారని… అడుగున పెట్టినామ్మా. కనపడకుండా. గంధం మీద కుంకుమ.”

ఆమె ఎడమ పళ్లెం తీసి తిరగేసింది. నడిమధ్యన, రూపాయి బిళ్లంత గంధం, దాని మీద కుంకుమ, ఎండి పెచ్చు కట్టి ఉంది. ఎంత ఒద్దికగా పెట్టాడో! ఎవరికీ కనిపించలేదు. నాకు మాత్రం బరువుగా తెలుస్తూనే ఉంది.

మరొకరైతే తడిగుడ్డతో తుడిచేసేవారు. హంసవేణి బటర్ పేపరు మీదికి గీకింది, ఒక్క పొడి రేణువు పోకుండా. పళ్లెం తుడిచి బిగించింది. నా ముల్లు సున్నాకు అటూ ఇటూ పది గీతలు ఊగింది. అప్పుడు ఆ బొట్టును నా మీదే తూచింది.

“నూట అరవై మూడు మిల్లీగ్రాములు సార్.”

పది బరువుల్లోంచి నూట అరవై మూడు తీసేసింది. పది నత్తలూ వారానికి ముప్పై, నలభై చొప్పున తగ్గుతూ, ఏప్రిల్ నుంచి వస్తున్న దారిలోకే బుద్ధిగా వచ్చి నిలబడ్డాయి. మీరు మీ భక్తిని నా పళ్లానికి అతికించారు. నేను దాన్ని కూడా ఒక్క మిల్లీగ్రాము తేడా లేకుండా తూచి చెప్పాను. తప్పు నాదా?

ప్రొఫెసర్ ఓడిపోవడం అలవాటు లేని మనిషి. “బరువు సరే. బతికున్నాయని ఏం నమ్మకం? చచ్చిన నత్త కూడా మెల్లగానే ఎండుతుంది.”

“మూత ఒక్కటీ ఊడలేదు సార్” అన్నాడు గంగులప్ప.

“నీ మూత శాస్త్రం నేను థీసిస్‌లో పెట్టలేను.”

హంసవేణి గాజుతొట్టి తెచ్చి నీళ్లు పోసింది. రెండు నాచు రెమ్మలు వేసింది. ఏడో నంబరు నత్తను అడుగున పెట్టింది. ముగ్గురూ చుట్టూ కూర్చున్నారు. అద్దాల్లోంచి నేను.

పావుగంట. ఏమీ లేదు. అరగంట. ప్రొఫెసర్ గడియారం చూసుకున్నారు. “నాకు క్లాసుంది” అన్నారు గానీ లేవలేదు. హంసవేణి చేతులు ఒళ్లో పెట్టుకుని, వేళ్లు ఒకదాన్నొకటి నలుపుకుంటోంది. ఆమె రెండేళ్లు, స్కూలు సెలవు, ఇంట్లో వాళ్లకు చెప్పిన సమాధానాలు, అన్నీ ఆ బిగుసుకున్న మూత వెనకే ఉన్నాయి.

మూత అంచున ఒక బుడగ వచ్చింది.

ఇంకో బుడగ. మూత ఒక గీతంత ఎత్తుకుంది. లోపల్నుంచి నల్లటి తడి కండ ఒకటి సందేహంగా బయటికి వచ్చి, నీళ్లను తాకి, వెనక్కి వెళ్లి, మళ్లీ వచ్చింది. తర్వాత కొమ్ములు. తర్వాత అది తొట్టి అడుగున పాకి, నాచు దగ్గరికి వెళ్లి, తీరిగ్గా కొరకడం మొదలుపెట్టింది. ఆర్నెల్లు ఏమీ జరగనట్టే.

“సార్,” అన్నాడు గంగులప్ప, “ఒక్కపొద్దు విడిచింది. దీనికి ఉప్మా తెచ్చేదా?”

ప్రొఫెసర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు. “రాసుకోమ్మా టైము” అని మాత్రం అన్నారు. తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరక్కుండానే, “ఆ లిస్టులో త్రాసు పేరు కొట్టెయ్ గంగులప్పా” అన్నారు. నాకు క్షమాపణ చెప్పలేదు. త్రాసుకు క్షమాపణ చెప్పే ప్రొఫెసర్ ఇంకా పుట్టలేదు.

గంగులప్ప నా పేరు కొట్టేశాడు. కానీ చేతికి పెన్ను అందలేదో ఏమో, పెన్సిలుతో ఒకే ఒక్క సన్నగీత గీశాడు. హంసవేణి డిసెంబరులో థీసిస్ ఇచ్చి వెళ్లిపోయింది, తర్వాత వేరే ఊళ్లో లెక్చరరు అయింది. ప్రొఫెసర్ రిటైరయ్యారు. ఏడేళ్ల తర్వాత కొత్త గుమాస్తా పాత లిస్టును టైపు చేస్తూ, చెరిగిపోయిన పెన్సిలు గీతను చూడక, నా పేరును కూడా శుభ్రంగా టైపు చేశాడు. ముగ్గురు సభ్యుల కమిటీ వచ్చి, నా వైపు చూడకుండానే సంతకాలు పెట్టింది. నా స్థానంలో కరెంటు త్రాసు వచ్చింది. ఎర్రటి అంకెలు చకచకా చూపిస్తుందట. మా ఊళ్లో రోజుకు నాలుగు గంటలు కరెంటు పోతుంది. ఆ నాలుగు గంటలు దానికి ఏ అభిప్రాయమూ ఉండదు.

నేను స్టోరులో పడ్డాను. దూలం దించి, మర బిగించి, తలుపు మూసి పెట్టారు. ఎవరూ తూచమని అడగరు. దుమ్ము పడుతుంది. ఉద్యోగం చేసినన్నాళ్లూ ప్రతి వారం ఈ కొసా ఆ కొసా ఊగినదాన్ని, ఇప్పుడు నెలల తరబడి కదలను. కదలకపోతే రాతి అంచు అరగదు. ఖర్చు లేదు.

గంగులప్ప రిటైరయ్యే ఏడాది ఆయుధపూజకు స్టోరు తాళం తీయించుకుని వచ్చాడు. ఈసారి బొట్టు టేకు చట్రానికి పెట్టాడు, పళ్లాల జోలికి పోలేదు. “నేర్చుకున్నాలే” అన్నాడు.

పోయిన మార్చిలో ప్రాక్టికల్ పరీక్షలకు బయటి ఊరి నుంచి ఒక మేడం వచ్చింది. జడలో సగం తెల్లబడింది. పరీక్ష అయ్యాక స్టోరు చూపించమంది. గుమాస్తా చీకట్లో స్టూళ్లు జరిపి దారి చేశాడు. ఆమె కొంగుతో నా అద్దం తుడిచి, తలుపెత్తి, నేల ఎగుడుదిగుడుగా ఉంటే కాళ్ల మరలు తిప్పి మట్టం చేసింది. బ్యాగులోంచి చిన్న కుంచె తీసింది. ఈ వయసులోనూ ఆ కుంచె వెంట పెట్టుకునే తిరుగుతోంది! పళ్లాలు తుడిచింది. ఎడమ పళ్లెం తిరగేసి అడుగు చూసి, తనలో తను నవ్వుకుంది. మర తిప్పింది.

ఎడమకు పది. కుడికి పది. ఎడమకు పది.

“ఇంకా అట్లనే ఉండావే” అంది.

వెనక గుమాస్తా విసుగ్గా తాళంచెవులు ఆడించాడు. “అది ఎప్పుడో చచ్చిన సామాను మేడం. దాంతో పనేముంది?”

“మూత ఊడిందా?” అని అడిగిందామె.

అతనికి అర్థం కాలేదు. ఆమె మర బిగించి, నా అద్దం తలుపును రెండు చేతులతో కిందికి దించి, అది గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో వేలితో నొక్కి చూసి వెళ్లిపోయింది.

సరిగ్గానే కూర్చుంది. చీటీ మీద ఏం రాసుకుంటారో రాసుకోండి. ఈ తలుపెత్తి, ఈ మర తిప్పేవాళ్లు ఎప్పుడు వచ్చినా, సున్నా దగ్గర మొదలుపెట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను.